తాగి పడ్డాడని రాశారు

మా నాన్న పోయింది 2015 ఆగస్టు 27న, గురువారం. మర్నాడు వరలక్ష్మీ వ్రతం. మా పట్నంలో కలిగినవాళ్ళు ఉండే ఒక వీధిలో మ్యాన్‌హోలు పొంగి, రెండు రోజులుగా మురుగు గుమ్మాల దాకా వస్తోంది. రేపు పేరంటాళ్ళు వస్తారు, వాకిట్లో ముగ్గు పెట్టుకోవడానికి కూడా లేదు అని వీధివాళ్ళు మున్సిపల్ ఆఫీసుకి ఫోన్ల మీద ఫోన్లు చేశారు. వాళ్ళు అడగడంలో తప్పు లేదు. ఎవరి వాకిట్లో ఆ నీళ్ళు పారినా అడగాల్సిందే. మా పేటలో వానాకాలమంతా పారేవి. మేం అడిగితే మాత్రం ఎవరూ వచ్చేవారు కాదు.

పొద్దున్న ఐదున్నరకి నాన్న పనిచేసే కాంట్రాక్టరు దగ్గరి మేస్త్రీ ఫోన్ చేశాడు. "బండి ఖాళీ లేదంట. ఎనిమిదింటికల్లా అయిపోవాలంట" అని అమ్మతో చెప్పి నాన్న లేచాడు. బండి అంటే నీళ్ళు చిమ్మి గొట్టాలు శుభ్రం చేసే మిషను. చద్దన్నం తినలేదు. దిగే పని ఉన్నరోజు నాన్న ఎప్పుడూ తినేవాడు కాదు, లోపల వాంతి అయితే ప్రాణం మీదికి వస్తుందని. పాత లుంగీ ఒకటి సంచిలో పెట్టుకుని సైకిలెక్కాడు. నేను అప్పుడు ఇంటర్ రెండో ఏడు, బైపీసీ. రాత్రి చదువుకుని పడుకున్నాను, లేవలేదు. తలుపు చప్పుడు మాత్రం విన్నాను.

మేం రెల్లివాళ్ళం. కోస్తా పట్నాల్లో రెల్లి అనగానే జనానికి చీపురు గుర్తొస్తుంది. మా ముసలివాళ్ళు ఇంట్లో మాట్లాడేది తెలుగు కాదు, ఒరియాకి దగ్గరగా ఉండే మా మాట. మా ఆడవాళ్ళు చాలామంది పళ్ళమ్ముతారు, మా అమ్మమ్మ బుట్ట నెత్తిన పెట్టుకుని జామకాయలమ్మేది. మా తాత మాత్రం పాకీ పని చేశాడు. ఆ మాట ఇప్పటికీ మా ఊళ్ళో తిట్టు. ఆరో తరగతిలో నా వెనక బెంచీ అమ్మాయి నన్ను ఆ మాట అంది. ఇంటికొచ్చి ఏడిస్తే, "ఆ పనే ఉండకూడదని 1993లోనే చట్టం చేశారు తల్లీ, ఆ అమ్మాయికి తెలీదు" అన్నాడు నాన్న. ఆ చట్టం సంగతి యూనియన్ మీటింగులో విన్నాడట. తను దిగే పని కూడా దానికి పెద్ద దూరమేమీ కాదని ఆయనకి అనిపించిందో లేదో నాకు తెలీదు.

ఆ పని ఎలా ఉంటుందో నాన్న ఇంట్లో ఎక్కువ చెప్పేవాడు కాదు. నాకు తెలిసిందంతా బాబాయి చెప్పిందే. బాబాయంటే సొంత బాబాయి కాదు, నాన్నతో పదకొండేళ్ళు తాడు పట్టుకున్న మనిషి. ముందు గునపంతో మూత లేపుతారు. పొంగినదొక్కటే కాదు, ముందొకటి వెనకొకటి కూడా లేపి గాలి పోనివ్వాలి. గంటసేపైనా ఆగాలి. గోడకి బొద్దింకలు పాకుతూ ఉంటే దిగొచ్చని, ఒక్కటీ కనపడకపోతే దిగకూడదని వాళ్ళ లెక్క. గాలి కొలిచే పరికరం ఒకటుంటుందని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. ముందు వెదురు బద్దలు దూరుస్తారు. బద్దకి అడ్డు కదలకపోతే మనిషి దిగాలి. నడుముకి తాడు, చేతిలో చిన్న పార, పైనుంచి బకెట్టు. ఒంటికి కొబ్బరినూనె. మాస్కు లేదు, బూట్లు లేవు. గుడ్డ కూడా మూతికి కట్టుకోరు, తడిస్తే ఊపిరాడదని.

ఆ రోజు ఒక్క మూతే లేపారు. పక్క మూత మీద ఎవరిదో కారు ఉంది, దాన్ని తీయమని అడిగే వేళ కాదు. గంట ఆగే టైము లేదు. కుళ్ళిన కోడిగుడ్డు కంపు బాగా కొట్టిందట. నాన్న ఐదారు మెట్లు దిగి, "ఇప్పుడు వాసన లేదురా, పర్లేదు" అన్నాడట పైకి చూసి. ఆయన ఆఖరి మాట అదే.

నేనిప్పుడు స్టాఫ్ నర్సుని. హైడ్రోజన్ సల్ఫైడ్ గురించి చదువుకున్నాను. అది కొద్దిగా ఉంటే కుళ్ళిన గుడ్డు కంపు కొడుతుంది. బాగా ఎక్కువైతే ముక్కు మొద్దుబారిపోయి ఏ వాసనా తెలీదు. వాసన పోయిందంటే గాలి బాగుపడిందని కాదు. విషం పెరిగిందని. ఆ పేజీ చదివిన రోజు హాస్టల్లో పుస్తకం మూసేసి బాత్‌రూమ్‌కి వెళ్ళి కూచున్నాను. ఈ ఒక్క ముక్క మా నాన్నకి చెప్పి ఉంటే చాలు. ఇరవై రెండేళ్ళు ఆ పని చేయించుకున్నవాళ్ళు చెప్పలేదు.

తాడు బరువెక్కింది. బాబాయి లాగాడు, లాగలేకపోయాడు, దిగబోయాడు. వీధివాళ్ళు ఇద్దరు అతన్ని గట్టిగా పట్టుకుని ఆపారు. ఆ ఇద్దరెవరో నాకు తెలీదు గానీ ఒక ప్రాణం నిలబెట్టారు. ఇలాంటి చోట్ల ఒకరి కోసం ఒకరు దిగి ఇద్దరూ ముగ్గురూ పోతుంటారు. ఫైరింజను వచ్చి నాన్నని పైకి తీసేసరికి ఎనిమిదీ ఇరవై. నేను కాలేజీ నుంచి ఆసుపత్రికి వెళ్ళేసరికి మార్చురీ బయట అమ్మ నేలమీద కూచుని ఉంది. నాన్న చెప్పులు ఒళ్ళో పెట్టుకుంది. దిగేముందు మ్యాన్‌హోలు పక్కన విప్పి పెట్టినవి, శుభ్రంగా ఉన్నాయి.

అక్కడే ఎవరో ఒక కాగితం తెచ్చి అమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. శవాన్ని ఇవ్వాలంటే వెయ్యాలి అన్నారు. అమ్మ వేసింది. దానిలో ఏముందో నేను చదివింది నాలుగు రోజుల తర్వాత, నకలు అడిగి తెచ్చుకుని. అమ్మే చెప్పినట్టుగా ఉంది: "నా భర్త మద్యం అలవాటు గలవాడు. ఈ దినం ఉదయం మద్యం మత్తులో నడిచి వెళ్ళుచూ తెరచి ఉన్న మ్యాన్‌హోలులో ప్రమాదవశాత్తు జారి పడి మరణించినాడు. ఎవరి మీదా అనుమానం లేదు." అనుమానాస్పద మరణం కింద 174 సెక్షన్‌తో కేసు. పని అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా లేదు. మేస్త్రీ లేడు, ఫోను లేదు, తాడు లేదు. మా నాన్న షికారుకి వెళ్ళి గోతిలో పడ్డ మనిషి అయిపోయాడు.

నేను చదివి వినిపిస్తే అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నేను ఇలా చెప్పలేదే" అంది. ఆ ఒక్క ముక్కే మళ్ళీ మళ్ళీ అంది. ఆ తర్వాత ఐదేళ్ళు మేం తిరిగింది ఆ మాట కోసమే. డబ్బు కోసం తిరిగారని పేటలో కూడా అన్నారు. డబ్బూ కావాలి, మాకు ఇంటద్దె కట్టడానికే లేదు. కానీ అమ్మని నిద్రపోనివ్వనిది ఆ కాగితమే.

నాన్న తాగేవాడు. దాచను. దిగే పని ఉన్న రోజు తెల్లారే క్వార్టరు వేసుకునేవాడు, ఆ రోజూ వేసుకునే ఉంటాడు. పోస్ట్‌మార్టం రిపోర్టు నేనే చదివాను. ఊపిరాడక మృతి, శ్వాసనాళంలో మురుగు, కడుపులో ఆల్కహాలు వాసన అని ఉంది. అందరూ ఆ చివరి ముక్క పట్టుకున్నారు. ఇతరుల మలంలో మెడ దాకా మునిగి, చేత్తో తవ్వి పైకి అందించే పనికి తాగకుండా దిగగలిగిన మనిషి ఎవరో నాకు చూపించమనండి. నాన్న ఆదివారాలు తాగేవాడు కాదు. పండగలకి తాగేవాడు కాదు. మా చెల్లి మొదటి పుట్టినరోజుకి అందరికీ పోసి తను ముట్టుకోలేదు. ఆ పనికే తాగాడు. అయినా తాగినవాణ్ణి దింపొచ్చని, తాగనివాణ్ణి దింపకూడదని ఏ చట్టంలోనూ లేదు. రక్షణ పరికరాలు లేకుండా ఎవర్నీ దింపకూడదనే ఉంది.

ఆ సంగతి మాకు చెప్పింది మా కులపెద్దల ద్వారా పరిచయమైన ఒక లాయరుగారు. అప్పటికి కాంట్రాక్టరు మనిషి వచ్చి యాభై వేలు పెద్దకర్మ ఖర్చుకి ఉంచుకోమన్నాడు, ఒక స్టాంపు పేపరు మీద సంతకం పెడితే చాలన్నాడు. అమ్మ తీసుకోలేదు. అది ధైర్యం కాదు, భయం. మళ్ళీ ఏ కాగితంలో ఏం రాశారోనని. లాయరుగారు నా చేతిలో ఒక జిరాక్సు పెట్టారు. సఫాయి కర్మచారీ ఆందోళన్ అనే సంస్థ 2003లో సుప్రీంకోర్టుకి వెళితే, పదకొండేళ్ళకి 2014 మార్చి 27న వచ్చిన తీర్పు. 1993 నుంచి మురుగు గోతుల్లో చనిపోయిన ప్రతి మనిషి కుటుంబానికీ 10 లక్షలు ఇవ్వాలని ఉంది. 2013లో వచ్చిన కొత్త చట్టం సంగతీ ఆయనే చెప్పారు. రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దింపితే మొదటిసారికి రెండేళ్ళ దాకా జైలు. నేను ఇంగ్లీషు డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆ తీర్పు మూడు రాత్రులు చదివాను. మా నాన్నలాంటివాళ్ళు ఊరూరా ఉన్నారని అప్పుడే తెలిసింది.

ఆఫీసు వాళ్ళు మా మనిషి కాదన్నారు. మస్టరులో పేరు లేదు. అది నిజమే, నాన్న పేరు మస్టరులో ఎప్పుడూ లేదు, కాంట్రాక్టరు కింద రోజుకూలి. కాంట్రాక్టరు, నేను దిగమనలేదన్నాడు. మేస్త్రీ, నేను ఫోనే చెయ్యలేదన్నాడు. అమ్మ ఫోనులో ఐదు ముప్పై రెండుకి వచ్చిన కాల్ ఇంకా ఉంది. చిన్న బటన్ ఫోను, కొత్త కాల్స్ వస్తే పాతవి పోతాయి. నేను ఆ ఫోను స్విచాఫ్ చేసి బియ్యం డబ్బాలో పెట్టాను. నెలరోజుల తర్వాత దాన్ని స్టేషన్‌లో ఇచ్చి రసీదు తీసుకున్నాను. పదిహేడేళ్ళ పిల్లని, అంతకన్నా ఏం చెయ్యాలో తెలీలేదు. లాయరుగారు తర్వాత కంపెనీ నుంచి కాల్ వివరాలు తెప్పించారు.

ఫోను మా మొదటి ఆధారం. రెండోది సమాచార హక్కు అర్జీ. 2013 చట్టం కింద చేసిన రూల్సులో ఒకటుంది. మిషనుతో కాదు, మనిషిని దింపక తప్పదు అనుకుంటే ఆ పట్నం ముఖ్య అధికారి కారణాలు రాసి, రాతపూర్వకంగా అనుమతి ఇవ్వాలి. ఆ రోజు ఆ వీధికి ఇచ్చిన అనుమతి నకలు ఇప్పించమని అమ్మ పేరున పది రూపాయలు కట్టి అర్జీ పెట్టాను. ముప్పై రోజుల్లో రావాల్సిన జవాబు అప్పీలు చేస్తే నాలుగో నెలలో వచ్చింది. అలాంటి అనుమతి ఏదీ ఇవ్వలేదు, అలాంటి ఫైలు లేదు అని. తమకి సంబంధం లేదని చెప్పడానికే అలా రాసి ఉంటారు. లాయరుగారు అది చదివి కళ్ళజోడు తీసి, "అమ్మాయ్, దీన్ని లామినేషన్ చేయించు" అన్నారు. అనుమతి లేకుండా, వాళ్ళ మ్యాన్‌హోల్లో, వాళ్ళ కాంట్రాక్టరు మనుషులు తాడు కట్టి దింపితే మా నాన్న పోయాడు. వాళ్ళ సంతకంతోనే మాకు ఆ కాగితం దొరికింది.

ఎస్సీ ఎస్టీ చట్టం సెక్షన్లు కూడా పెట్టించాలని చూశాం. దానికి కుల ధ్రువీకరణ పత్రం కావాలి. ఒక సాయంత్రం విచారణకి మనిషొచ్చాడు. గుమ్మంలోంచే లోపలికి చూసి, "చర్చికి వెళతారా?" అన్నాడు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, తర్వాత చేర్చిన సిక్కులు, బౌద్ధులే ఎస్సీలు. క్రైస్తవులైతే కాదు. అమ్మ ఆదివారం ప్రార్థనకి వెళ్ళేది, అక్కడ ఏడవడానికి చోటు ఉండేది. గోడకి వాక్యం ఉన్న కేలెండరు వేలాడుతోంది. అది నాన్నే తెచ్చి కొట్టాడు, సిలిండరు తేదీలు దానిమీదే రాసేవాడు. మనిషి వెళ్ళాక అమ్మ దాన్ని తీసి చుట్టి పరుపు కింద పెట్టింది. మూడు తరాలు మలం ఎత్తినప్పుడు మేం ఏ దేవుడికి దండం పెడుతున్నామో ఎవరూ అడగలేదు. సర్టిఫికెట్ చివరికి వచ్చింది, ఆ సెక్షన్లు మాత్రం పడలేదు. నిర్లక్ష్యం కింద 304-ఎ, 2013 చట్టం సెక్షన్లు పడ్డాయి. దానికే ఏడాదిన్నర.

ఈ మధ్యలో అమ్మ ఢిల్లీ వెళ్ళొచ్చింది. 2015 డిసెంబరులో దిబ్రూగఢ్‌లో మొదలై 125 రోజులు దేశమంతా తిరిగిన భీమ్ యాత్ర 2016 ఏప్రిల్ 13న అక్కడ ముగిసింది. మమ్మల్ని చంపడం ఆపండి అన్నది ఆ యాత్ర నినాదం. రైల్లో జనరల్ బోగీలో నలుగురు ఆడవాళ్ళు కలిసి వెళ్ళారు. అక్కడ తమిళం వాళ్ళు, హిందీ వాళ్ళు, పంజాబీ వాళ్ళు, అందరి చేతుల్లో భర్తలవో కొడుకులవో ఫొటోలు. భాష తెలీదు. పక్కావిడ అమ్మ చేతిలో ఫొటో చూసి, మెడ దాకా చెయ్యి పెట్టి చూపించిందట, ఇంత లోతా అన్నట్టు. అమ్మ తల పైన పెట్టి చూపించిందట. ఇద్దరూ ఒకర్నొకరు పట్టుకుని ఏడ్చారట. సఫాయి కర్మచారీ ఆందోళన్ నాయకుడు బెజవాడ విల్సన్ గారిని దగ్గర్నుంచి చూశానని వచ్చి చెప్పింది. కోలారు బంగారు గనుల దగ్గర తెలుగు కుటుంబంలో పుట్టిన మనిషి ఆయన. తండ్రీ అన్నా కూడా పాకీ పనివాళ్ళే. ఆ ఏడాదే ఆయనకి మెగసెసే అవార్డు వస్తే అమ్మ పేటలో అందరికీ చెప్పుకుంది. అప్పటిదాకా ఆ పనివాళ్ళ ఇళ్ళలో పుట్టినవాడి పేరు పేపర్లో వేస్తే అది చావు వార్తే అనుకునేది.

తమ్ముడికి పద్దెనిమిది నిండగానే కబురొచ్చింది, అవుట్‌సోర్సింగులో ఉద్యోగం ఇస్తాం రమ్మని. ఏ ఉద్యోగం అని అడిగితే, మీ నాన్న పనేగా అన్నారు. ఇంట్లో అప్పటికి అప్పు లక్షా నలభై వేలు. తమ్ముడు వెళతానన్నాడు. అమ్మ వాణ్ణి కొట్టింది. వాడి ఒంటిమీద చెయ్యి వెయ్యడం నేను చూసింది అదొక్కసారే. అమ్మమ్మ బుట్ట అటక మీంచి దింపి, మర్నాడు తెల్లారుజామున మార్కెట్‌కి వెళ్ళి సపోటాలు తెచ్చింది. మూడేళ్ళు ఆ బుట్టే మమ్మల్ని నడిపింది.

కింది కోర్టులో కేసు 2022లో కొట్టేశారు. బాబాయి బోనెక్కి, నేను అక్కడ లేను, ఏమీ చూడలేదు అన్నాడు. పోలీసులకి మొదట అంతా చెప్పిన మనిషి. నేను కోర్టు హాల్లో రెండో వరసలో కూచుని ఉన్నాను. నా వైపు చూడలేదు. అతనికి ముగ్గురు ఆడపిల్లలు, అదే కాంట్రాక్టరు దగ్గర పని, ఇల్లు కూడా వాళ్ళు చూపించినదే. నాకు కోపం రాలేదంటే అబద్ధం. ఆ వారంలోనే ఒక రాత్రి మా ఇంటికొచ్చి, లోపలికి రాకుండా అరుగు మీద కూచున్నాడు. అమ్మ టీ పెట్టి ఇచ్చింది. ఇద్దరూ ఒక్క మాట కూడా మాట్లాడుకోలేదు. గ్లాసు కడిగి బోర్లించి వెళ్ళిపోయాడు. నేనైతే టీ ఇచ్చేదాన్ని కాదు. ఇప్పటికీ అంతే అనుకుంటాను. అయితే నేను ఎవరి మీద కోపం పెట్టుకోవాలో ఆ మనుషులు కోర్టు మెట్లు దిగి కారెక్కి వెళ్ళిపోయారు. అప్పీలు వేశాం.

2021 జులైలో రాజ్యసభలో కేంద్రమంత్రి, చేతులతో మలం ఎత్తే పని వల్ల ఎవరూ చనిపోయినట్టు సమాచారం లేదని జవాబిచ్చారు. మురుగు గోతుల్లో దిగి చనిపోవడం వేరే లెక్క, దాన్ని ఆ పేరుతో పిలవరు. పేపర్లో అది చదివినప్పుడు నాకు అమ్మ వేలిముద్ర గుర్తొచ్చింది. మా స్టేషన్ కాగితంలో పని అన్న మాట ఎలా మాయమైందో అలాగే. 2023 అక్టోబరు 20న సుప్రీంకోర్టు పరిహారం 30 లక్షలకి పెంచింది. అమ్మకి చెబితే, "దింపడం ఆపితే ఆ ముప్పై ఎవరికీ అక్కర్లేదుగా" అంది.

మాకొచ్చిన 10 లక్షల సంగతి చెప్పాలి. జిల్లా ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి 2017లో హైకోర్టులో రిట్ వేశాం. అప్పుడు హైకోర్టు హైదరాబాదులో. 2019 జనవరి 1 నుంచి ఆంధ్రాకి అమరావతి కేంద్రంగా వేరే హైకోర్టు మొదలైంది, ఫైళ్ళతోపాటు మాదీ వచ్చింది. వాయిదాకి ఒక రాత్రి ప్రయాణం తగ్గిందని సంతోషించాం. 2020 ఫిబ్రవరిలో ఆర్డరు వచ్చింది. డబ్బు అప్పుకీ, తమ్ముడి పాలిటెక్నిక్‌కీ, నా నర్సింగుకీ పోయింది. కొంత చెల్లి పేరున బ్యాంకులో ఉంది.

ఆ ఆర్డరు కాపీ నేనే తెచ్చాను. ఆరు పేజీలు, ఇంగ్లీషు. రాత్రి అన్నాలయ్యాక అమ్మ లైటు కింద చాప వేసి, చెల్లిని టీవీ కట్టెయ్యమని, చదవమంది. నేను వాక్యం వాక్యం తెలుగులో చెప్పాను. రెండో పేజీలో, పిటిషనర్ భర్తను మ్యాన్‌హోలు శుభ్రం చేయడానికి ఎలాంటి రక్షణ పరికరాలూ లేకుండా లోపలికి దింపగా, విషవాయువుల వల్ల ఊపిరాడక మరణించాడు అని ఉంది.

"దింపగా అనే ఉందా?"

"అవునమ్మా."

"తాగి అని ఎక్కడా లేదు కదా?"

మిగతా నాలుగు పేజీలూ వేలు పెట్టి చూశాను. లేదన్నాను. అమ్మ కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా, ఆ వాక్యం ఎక్కడుందో చూపించమంది. చూపించాను. దాని కింద పెన్నుతో గీత గీయించుకుని, పరుపు కింద చుట్టి పెట్టిన పాత కేలెండరు తీసి గోడకి తగిలించింది.